కప్పును ఎవరూ తిట్టలేదు

సోమవారం, మొదటి షిఫ్టు

తలుపు పడింది. వేసింది మనిషి కాదు కాబట్టి తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు. చేతి కడియం ఎర్రబడింది, నన్ను విడిగదిలోకి నడిపించారు, వెనకనుంచి టక్కుమని చప్పుడు. ఇక ఈ కడియం పచ్చబడి, ఒక షిఫ్టు పొడుగునా పచ్చగానే ఉంటే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. భయం అంటురోగమట. భయపడ్డవాళ్లను విడిగా పెడితే మిగతా జనం నెమ్మదిగా ఉంటారట. క్షేమ కమిటీ సిద్ధాంతం ఇది. సిద్ధాంతం అన్న మాటకు ఇంత అవమానం జరగడం నా యాభై మూడేళ్లలో చూడలేదు.

గోడ పత్రిక కోసం దాచుకున్న కాగితాల మీద రాస్తున్నాను. జిగురు డబ్బా పట్టుకుపోయారు గానీ కాగితాలు వదిలేశారు. అంటించకపోతే రాత ప్రమాదం కాదనుకున్నారేమో. ఏం జరిగిందో వరుసగా చెబుతాను. రేపు నన్ను మతి చెడినదాన్ని చేసి కథ మార్చేయడం వీళ్లకు చిటికెలో పని.

మేముండేది బొగ్గు తీసేసిన పాత గనిలో. పైన ఎండకు మనిషి నిలబడలేని ఏడాది మమ్మల్ని కిందికి దింపారు. తాత్కాలికం అన్నారు. ఆ తరవాత ఇక్కడ పుట్టిన పిల్లలకు పెళ్లిళ్లు కూడా అయ్యాయి. గనిలో పనిచేసిన మా పెద్దల అలవాటు ఒకటి మాతోపాటే దిగింది. ఎక్కడ కూర్చోవాలన్నా ముందు పొన్నుకర్రతో, అంటే చివర ఇనుప పొన్ను వేసిన పొడుగాటి కర్రతో, నెత్తిమీది కప్పును తట్టేవాళ్లు. ఖంగుమంటే గట్టి. బోలుగా మోగితే డొల్ల. డొల్ల అని తేలితే కింద సపోర్టు కట్టె నిలబెట్టేదాకా అక్కడ కాలు పెట్టరు.

రానురాను అదే మా పలకరింపు అయింది. పొద్దున లేచి పక్కగది తలుపు తట్టి "గట్టా, డొల్లా?" అని అడుగుతాం. మనసు బాగాలేనివాళ్లు "డొల్లే" అంటారు. అప్పుడు అడిగినవాళ్లు పని పక్కన పెట్టి గడప ముందు కాసేపు కూర్చోవాలి. సలహా ఇవ్వకూడదు, ధైర్యం చెప్పకూడదు. ఊరికే కూర్చోవాలి. మా గనిలో ఇంతకు మించిన మర్యాద లేదు. నేను ఎంతమంది గడపల ముందు కూర్చున్నానో లెక్కలేదు. నన్ను అడిగితే మాత్రం ఎప్పుడూ "గట్టి" అనే అన్నాను. కరపత్రాలు రాసే ఆడది డొల్ల అంటే ఇంకేమైనా ఉందా?

కడియాలు వచ్చాక అందరూ నాలాగే అయ్యారు. నాడి, చెమట, ఊపిరి చూసి రంగు మార్చే వస్తువు చేతికి ఉండగా ఎవడు డొల్ల అంటాడు? "గట్టా?" "గట్టి." "గట్టా?" "గట్టి." గని మొత్తం గట్టివాళ్లే. ఇంత గట్టి సమాజాన్ని చూస్తే ఒళ్లు మండింది.

పోయిన వారం పక్కగది ఓదెలన్న, ఒకప్పుడు బొగ్గు తవ్వి, ఇప్పుడు గనిలో చాయ్ అమ్మే మనిషి, వంట గ్యాలరీలో కూర్చోబోతూ పాత అలవాటు కొద్దీ కప్పును తట్టాడు. బోలుగా మోగింది. ఇంకో చోట తట్టాడు, ఇంకో చోట. అన్నీ అదే మోత. కడియం ఎర్రబడింది, గదిలో వేశారు. ఎర్ర కడియం మాట లెక్కలోకి రాదని రూలు. అంటే గమనించండి, కప్పు కూలేలా ఉందని తెలిసినవాడు భయపడతాడు, భయపడ్డవాడి మాట చెల్లదు, కాబట్టి కప్పు కూలేలా లేదు! ఈ తర్కాన్ని కనిపెట్టినవాడికి ఏ బిరుదిచ్చినా తక్కువే.

ఈ గురువారం ఊరుబంతి. నెలకోసారి గనిలోని జనమంతా, చంటిపిల్లలతో సహా, ఒకే బంతిలో కూర్చుని తింటాం. ఎక్కడ? ఆ వంట గ్యాలరీలోనే.

అందుకే ఇవాళ పొద్దున క్షేమాధికారి యశ్వంత్ దగ్గరికి వెళ్లాను. పై కార్యాలయం నుంచి వచ్చిన కుర్రాడు, మర్యాదస్థుడే.

"కప్పుకు సెన్సర్ ఉంది మేడమ్. అంతా సవ్యంగా ఉందని చూపిస్తోంది."

"ఆ సెన్సర్ సవ్యంగా ఉందని ఎవరు చూపించారు?"

"మీ కడియం పసుపులోకి వచ్చింది. మీకు భయంగా ఉంది."

"భయం కాదు నాయనా, కోపం."

"యంత్రానికి రెండూ ఒకటే మేడమ్."

"యంత్రానికి సరే. నీక్కూడానా?"

అతను నవ్వాడు. నిజంగా నొచ్చుకున్న నవ్వు, అదే బాధ. "మీ పట్ల మీరు కాస్త దయగా ఉండండి మేడమ్" అన్నాడు.

అక్కడే ఎర్రబడింది.

సోమవారం, రెండో షిఫ్టు

అన్నం తెచ్చింది రాజవ్వ వదినె. ఓదెలన్న భార్య, వంట గ్యాలరీలో పెద్ద వంటమనిషి. తలుపుకున్న చిన్న రెక్క తీసి గిన్నె లోపలికి జరిపింది.

"వదినె, ఆ కప్పు కిందినించి లేవే తల్లీ. గురువారం బంతి పక్క గ్యాలరీల పెట్టించు."

"నాకు చెప్పకు."

"ఓదెలన్న తట్టి చూసిండు గదనే!"

"చూసిండు, లోపల పడ్డడు. నువ్వు మాట్లాడినవు, నువ్వు పడ్డవు. నేను గూడ ఎర్రగయితె మీ ఇద్దరి మొకాన బువ్వ ఎవ్వడు కొడ్తడు? నేనైతె పైకి చూస్తలేను కొమురమ్మా. కింద పొయ్యి చూస్తున్న, గిన్నె చూస్తున్న. పైకి చూస్తలేను."

రెక్క మూసేసింది. నేను అరిచిన మాటలు ఇక్కడ రాయను. ఆమెను కాదు తిట్టవలసింది. మనిషిని తలెత్తి చూడకుండా వంట చేసుకునే స్థితికి తెచ్చినవాళ్లను.

మంగళవారం, మొదటి షిఫ్టు

గది నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. బొగ్గు గోడలకు సున్నం, మూలన పంపు, నెత్తిన ఫ్యాను గొట్టం. ఫ్యాను ఆగితే ఏమవుతుంది? ఆగదు. ఆగితే? ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయి, రాకూడదు.

కడియంలోంచి ఒక ఆడగొంతు గంటగంటకూ తేనె పోస్తుంది. "మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి. కళ్లు మూసుకుని మీ లోపలి పూలతోటలో నడవండి." ఈ గనిలో సగంమంది పువ్వన్నదే చూసి ఎరగరు! కప్పు గురించి ఒక్క మాట లేదు. సపోర్టు కట్టె ఖరీదు, పూలతోట ఊరికే వస్తుంది. దయ అనే మంచి మాటను పట్టుకొచ్చి నోటికి గుడ్డలా కుక్కుతున్నారు. రేపు ఆకలి అంటే నీ కడుపుతో స్నేహం చేసుకో అంటారు. దయ నాకు శత్రువు కాదు. దయ పేరుతో పోరు మానమనేవాళ్లే నాకు శత్రువులు.

కాబట్టి నా పద్ధతిలోనే కడియాన్ని లొంగదీయాలనుకున్నాను. నన్ను నేను నిలబెట్టి కడిగేశాను. సిగ్గులేదా నీకు? సమ్మెలు నడిపినదానివి, లాఠీలు చూసినదానివి, ఒక మూసిన తలుపుకు గుండె దడా? నీలాంటిది ఉంటే ఎంత, పోతే ఎంత? ఇలా ఎంతసేపు తిట్టుకున్నానో. కడియం ఎరుపు ఇంకా చిక్కబడింది. అంత చిక్కటి ఎరుపు ఉంటుందని కూడా నాకు తెలియదు.

మంగళవారం, రెండో షిఫ్టు

మా రెండు గదుల మధ్య గోడలో ఒక పాత నీటిగొట్టం ఉంది. నీళ్లు రావు గానీ మాట వస్తుంది. దానికి నోరు పెట్టి ఓదెలన్నను పిలిచాను. ముందు ఊపిరి వినిపించింది, కొలిమి తిత్తి కొట్టుకున్నట్టు.

"చెల్లే... నేనింక బయటికి రాను."

"అట్లెందుకంటవే?"

"నా ఊపిరే గింత. పాత బొగ్గు దుమ్ము ఉన్నది లోపల. పండుకున్నా ఉరికినట్లె ఉంటది. ఈ కడియం దాన్ని భయమంటది. ఇగ నేను ఎప్పుడు పచ్చగయితనే?"

బొగ్గు ఉన్నన్నాళ్లూ వీళ్ల కోసం బొగ్గు దుమ్ము మింగినవాడిని, ఆ దుమ్మునే నేరంగా చూపించి లోపలేశారు.

కాసేపటికి ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. "పిరికోన్ని చెల్లే. మగోన్నయి ఏడుస్తున్న. గా కప్పు తట్టకుంటె అయిపోయేది. నా రాజి గా కప్పు కిందనే ఉన్నది, నేనిక్కడున్న..."

"ఓదెలన్నా, ఇను. నువ్వు పిరికోనివి గాదు. తెలిసినోనివి. తెలిసినోనికి భయం గాక ఏమైతది? ఏడువు, ఏం గాదు. నేనీడనే ఉన్న. గొట్టం కాడనే ఉన్న, యాడికి పోత? పోనిస్తరా పోదామన్నా?"

ఏడుపు మధ్యలో నవ్వాడు. "గదీ నిజమే. నీకన్న నమ్మకమైన మనిషి దొరకదు ఇయ్యాల."

ఆయన ఊపిరి కొంచెం సర్దుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. చాయ్‌లో నీళ్లు కలిపి అమ్మిన సంగతులన్నీ తవ్వాను. ఒక్కటీ ఒప్పుకోలేదు. తరవాత చూసుకుంటే నా కడియం ఎరుపు వదిలి పసుపులో ఉంది. యంత్రం చెడిందనుకున్నాను. "తెలివి లేదూ, ఒకణ్ణి ఓదార్చగానే వీరనారివయ్యావా, గురువారం దగ్గరికొస్తుంటే ఇక్కడ కబుర్లు చెప్పుకుంటున్నావు" అని నన్ను నేను ఒక్క మాట అనుకున్నాను. వెంటనే ఎర్రబడింది.

యంత్రం చెడలేదు.

బుధవారం, మొదటి షిఫ్టు

సంగతి ఓదెలన్నకు చెప్పాను. ఆయన గురగురమని ఊపిరి పీల్చి, "నాతోని మాట్లాడినట్లె నీతోని మాట్లాడుకోరాదు?" అన్నాడు.

"అది నాకు రాదన్నా."

"ఎందుకు రాదు? నోరు లేదా? గనిల గంత నోరు ఎవ్వరికున్నది?"

"నన్ను నేను బుజ్జగించుకుంటె ఇగ పోరాటమెవరు జేస్తరు? కమిటోళ్లు చెప్పేది గూడ గదే గద, నీమీద నువ్వు దయ జూపుకో అని."

"వాళ్లు భయాన్ని పొమ్మంటున్నరు. నువ్వు నన్ను ఏడువమన్నవు. రెండొక్కటేనా?"

నేను వాదనలో ఓడిపోవడం అరుదు. ఓడినప్పుడు ఒప్పుకోవడం ఇంకా అరుదు. పొద్దంతా ఆ మాట మీదే కూర్చున్నాను.

మా పెద్దలు కప్పును తట్టేవాళ్లు. డొల్లగా మోగితే ఏం చేసేవాళ్లు? కప్పును తిట్టారా? సిగ్గులేదా, పక్క కప్పు చూడు ఎంత గట్టిగా ఉందో అన్నారా? పూలతోట ఊహించుకోమన్నారా? కప్పును ఎవరూ తిట్టలేదు. డొల్లగా ఉందని చెప్పినందుకు లోలోపల దానికి దండం పెట్టి, కింద కట్టె నిలబెట్టారు. ఇంత తెలివిగల జాతిలో పుట్టి నేను ఇన్నేళ్లూ నా గుండె బోలుగా మోగిన ప్రతిసారీ దాన్ని కర్రతో కొట్టాను. కమిటీవాడు తలుపు బయట వేశాడు. లోపలి తలుపు నేనే వేసుకున్నాను. అందువల్ల వాడి తప్పు తగ్గదు, అది వేరే లెక్క. వాణ్ణి వదిలేది లేదు.

సిగ్గుగానే ఉంది, అయినా రాస్తాను. గోడకు ఆనుకుని కూర్చుని, ఓదెలన్నతో మాట్లాడిన గొంతుతోనే పైకి అన్నాను.

"కొమురమ్మా, భయమైతున్నదా? అయితది మరి. కప్పు డొల్లగ ఉన్నది, మీ వదినె దాని కింద పొయ్యి పెట్టుకున్నది. భయం గాకుంటె నువ్వేం మనిషివే. కోపం అన్నవు గని, కింద ఉన్నది భయమే. ఉండనియ్. నేనీడనే ఉన్న, యాడికి పోత?"

ఇన్నేళ్లలో నాతో ఎవరూ ఇలా మాట్లాడలేదని కాదు. మాట్లాడబోతే నేను "గట్టి" అని తలుపు వేసుకున్నాను. బాగా ఏడ్చాను. భయం పోలేదు. ఆ మాట పెద్దక్షరాలతో రాయాలి, ఎందుకంటే పోయిందని రేపు కమిటీ ప్రచారం చేసుకుంటుంది. పోలేదు. నా పక్కన కూర్చుంది, అంతే. ఊపిరి మాత్రం కిందికి దిగింది.

కడియం పచ్చబడింది.

బుధవారం, రెండో షిఫ్టు

ఒకసారి పచ్చ పోయింది. రేపు బంతిలో పిల్లలు ఎక్కడ కూర్చుంటారో గుర్తొచ్చింది. పసుపు, ఆ వెంటనే ఎరుపు. మళ్లీ మొదటినుంచి. "ఫరవాలేదు, మల్ల కూసుందాం పా" అన్నాను నాతో. ఎవరన్నా వింటే నవ్వుతారు. ఓదెలన్న విని నవ్వాడు కూడా: "మంచిగున్నది చెల్లే, నీకు నువ్వు దొరికినవు. ఇగ మాకు జర తీరిక."

ఇప్పుడు మళ్లీ పచ్చ.

గురువారం, మొదటి షిఫ్టు

తలుపు తెరుచుకుంది. గొట్టం దగ్గర ఓదెలన్నకు చెప్పాను. "రాజిని మెల్లగ అడుగు. అదరగొట్టకు" అన్నాడు. "నీ తీరు మాకెరికే." వెళ్తున్నాను.

గురువారం, రెండో షిఫ్టు

మళ్లీ గదిలో ఉన్నాను. తలుపు పడింది. వరుసగా రాస్తాను.

వంట గ్యాలరీలో కరెంటు పొయ్యిల మీద పెద్ద గిన్నెలు, వంటమనుషులు, బంతికి పరిచిన చాపలు. యశ్వంత్ ఎదురొచ్చాడు. నా చెయ్యి చూసి ముఖం వెలిగింది. "చూశారా మేడమ్! బంతిలో మీ అనుభవం నాలుగు మాటలు చెప్పండి, అందరికీ స్ఫూర్తిగా ఉంటుంది."

"చెప్తా" అన్నాను. "ఇప్పుడే చెప్తా."

ఓదెలన్న పొన్నుకర్ర అక్కడే గోడకు ఆనించి ఉంది. ఓదెలన్నను లోపలేసి తట్టడం నిషేధించాక వదినె దానికి గరిటెలు తగిలించుకుంటోంది. గరిటెలు తీసి చాప మీద పెట్టాను. చాపల సరిగ్గా నడుమ నిలబడి కప్పును తట్టాను.

బోలుగా మోగింది. ఖాళీ డ్రమ్ము మూత మీద కొట్టినట్టు. కడియం రెండు క్షణాలు కూడా ఆగలేదు, ఎర్రగా వెలిగింది. గ్యాలరీ మొత్తం నా చెయ్యి చూసింది.

ఇన్నాళ్లూ నేను ఇలాంటప్పుడు ఉపన్యాసం ఎత్తుకునేదాన్ని. ఈసారి చెయ్యి దాచుకోలేదు, పైకెత్తి అందరికీ చూపించాను. "నాకు భయమైతున్నది" అన్నాను. "గింత భయం ఎన్నడు కాలేదు. కాళ్లు వణుకుతున్నయి చూడుండ్రి. తప్పు నా కాళ్లది గాదు. పైన డొల్లగ ఉన్నది."

"మేడమ్, ఎర్ర కడియం మాట..." యశ్వంత్ అన్నాడు.

"లెక్కలకు రాదు. నాకెరికే సారు. వదినె, నీది పచ్చగున్నది. నీ మాట చెల్తది. జర తట్టి చూడు."

రాజవ్వ వదినె గిన్నెలోంచి తలెత్తలేదు. చారు కలుపుతూనే ఉంది. నేను ఆమె పక్కకు వెళ్లి నేల మీద కూర్చున్నాను. ఏమీ అనలేదు. ఓదెలన్న అదరగొట్టొద్దన్నాడు, అదొకటి. నాకు ఇంకేం తోచలేదు, అదొకటి. కాసేపటికి ఆమె గరిటె ఆగింది.

"ఆయన ఎట్లున్నడు? గిన్నె తీసుకుంటడు, నాతోని మాట్లాడడు" అంది, మెల్లగా.

"నీ పేరే తల్సుకుంట ఏడుస్తున్నడు."

"ముసలోడు." ఆమె లేచి చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. ఒక్కసారి పైకి చూసింది. ఇన్ని రోజుల తరవాత మొదటిసారి. నా చేతిలోంచి కర్ర లాక్కుని తట్టింది, ఇంకోసారి తట్టింది, పొయ్యి సరిగ్గా మీద ఇంకోసారి. కడియం ఎర్రబడింది.

"అయ్యో" అంది దాన్ని చూసి, ఏదో చీమ కుట్టినట్టు. వెంటనే గొంతెత్తింది: "ఏయ్, గిన్నెలు దింపుండ్రే! చాపలు సుట్టుండ్రి. బంతి పక్క గ్యాలరీల. పోరగాండ్లను ఇటు రానియ్యకుండ్రి!"

గిన్నె పట్టుకోడానికి వచ్చిన ఒక్కొక్కరూ పైకి చూశారు. ఒక్కొక్కరి చెయ్యీ ఎర్రబడింది.

"వీళ్లందరినీ గదుల్లోకి పంపాలి" అన్నాడు యశ్వంత్.

"పంపు సారు" అంది వదినె, గిన్నె అంచు పట్టుకుని. "ముందుగాల గీ చారు నువ్వు వండు, గనికంత నువ్వే వడ్డియ్యి. ఉప్పింకెయ్యలేదు, చెప్తున్న."

అతను చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కున్నాడు. ఏ రంగు దాచుకున్నాడో నేను చూడలేదు, చూడాలని కూడా అనిపించలేదు. ఆ కుర్రాడి గడప ముందు కూడా ఎవరో ఒకరు కూర్చోవాలి. నన్ను మాత్రం తీసుకొచ్చి లోపల వేశాడు. ఎవరినో ఒకరిని వెయ్యాలి కదా, పైకి రిపోర్టు పోవాలి. వంట రాదు కాబట్టి నేను దొరికాను.

ఇప్పుడు గోడలోంచి దెబ్బలు వినిపిస్తున్నాయి. వంట గ్యాలరీలో సపోర్టు కట్టెలు నిలబెట్టి మేకులు కొడుతున్నారు. ఎర్రచేతులతోనే వండారు, ఎర్రచేతులతోనే తింటున్నారట, తనకు గిన్నె తెచ్చినవాళ్ల మాట ఓదెలన్న గొట్టంలోంచి చెప్పాడు. ఆయన తలుపు తెరవలేదు, నాదీ తెరవలేదు. ఎప్పుడు తెరుస్తారో తెలియదు. ఓదెలన్న ఊపిరికి ఈ కడియం ఏనాటికీ పచ్చబడదు, ఆ పోరు ఇంకా మిగిలే ఉంది.

కప్పు కూలలేదు. ఇది రాస్తున్నప్పటికి కూలలేదు. కట్టెలు పడ్డాయి కాబట్టి ఇక కూలకపోవచ్చు కూడా. అప్పుడు కమిటీవాళ్లు "చూశారా, ఏమీ కాలేదు, ఉత్త పిరికివాళ్లు" అంటారు. కూలని కప్పుకు సాక్ష్యం ఉండదు. అననీ. అనిపించుకుంటాను.

తలుపు మీద ఎవరో తట్టారు. రెక్క తెరుచుకుని గిన్నె లోపలికి జరిగింది. చారు, ఇంకా పొగలు వస్తోంది.

"కొమురమ్మా," రాజవ్వ వదినె గొంతు. "గట్టా, డొల్లా?"

గట్టి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు. మింగాను.

"డొల్లే వదినె."

సలహా ఇవ్వలేదు. ధైర్యం చెప్పలేదు. గాజుల చప్పుడు, మోకాళ్లు పట్టేసినవాళ్లు చేసే మూలుగు ఒకటి, తలుపుకు వీపు ఆనిన బరువు. కూర్చుంది.